తప్పు విడుపు

ఏ వస్తువు చేతికిచ్చినా నేలపాలు చేసే పిల్లవాడు పెద్దయ్యాక ఏ ఉద్యోగం చెయ్యాలి? ఈ ప్రశ్న ఆ ఇంట్లో చాలా ఏళ్ళు నలిగింది. గ్లాసిస్తే గ్లాసు, పలకిస్తే పలక, గిన్నె ఇస్తే అందులోని కూరతో సహా గిన్నె. ఆరేళ్ళప్పుడు తల్లి పోతే, కొత్తగా కాపురానికొచ్చిన వదినే ఆ పిల్లవాణ్ణి పెంచింది. "నీ చేతులకి నూనె రాసి మరీ కన్నార్రా" అని నెత్తిమీద ఒక మొట్టికాయ వేసేది, వేశాక పగిలిన ముక్కలు తనే ఏరేది. అన్నయ్య మాత్రం నవ్వి ఊరుకునేవాడు. ఆయన పింగాణీ కప్పులు చేసే మనిషి. పొద్దస్తమానం పగిలే వస్తువుల మధ్య తిరిగేవాడికి పగలడం పెద్ద వింతగా తోచేది కాదు.

తీరా చూస్తే, వస్తువులు పడెయ్యడానికే లోకంలో ఒక ఉద్యోగం ఉంది. పడేసినందుకు జీతం, ఏడాదికోసారి ఇంక్రిమెంటు, పెన్షన్ కూడా. అతను ఇరవై రెండేళ్ళుగా ఆ పనే చేస్తున్నాడు.

ఊరి చివర ప్రభుత్వ పరీక్షా కేంద్రం ఉంది. సరుకు సర్దిన పెట్టెలు అక్కడికి వస్తాయి. ఒక్కో పెట్టెనీ నడుమెత్తు నుంచి రాతిపలక మీదికి పదిసార్లు వదలాలి. ఒకసారి మూల మీద, మూడుసార్లు అంచుల మీద, ఆరుసార్లు ఆరు వైపులా. మధ్యలో విప్పి చూడకూడదు. పదీ అయ్యాకే విప్పి, లోపల సరుకు ఎలా ఉందో రాసి సంతకం పెట్టాలి. మిగతా చోట్ల ఈ పని యంత్రాలు చేస్తాయట. ఇక్కడ యంత్రం కొనాలన్న ఫైలు ఏదో బల్ల మీద హాయిగా నిద్రపోతోంది కాబట్టి అతను చేస్తాడు. కాగితాల్లో అతని హోదా పతన పరీక్షకుడు. అందరూ పిలిచేది పడేసే మాస్టారు. ఇంట్లో భార్య ఇప్పటికీ అతని చేతికి గాజు గ్లాసు ఇవ్వదు.

నడుమెత్తు నుంచి నేలకి చేరడానికి పెట్టెకి ఎంతసేపు పడుతుంది? రెప్ప వాల్చి ఎత్తినంత. అది మనకి. అతని సంగతి వేరు. "వదులుతున్నా" అని కేక వేసి రెండు చేతులూ తియ్యగానే గదిలో చప్పుళ్ళన్నీ ఎటో వెళ్ళిపోయేవి. కిటికీలోంచి పడే ఎండలో కాగితపు నూగు ఎక్కడిదక్కడ ఆగేది. పెట్టె తాపీగా, ఎవరో మెట్లు దిగుతున్నట్టు దిగేది. ఆ దిగడంలో అట్ట పల్చబడి లోపలున్నది అతనికి కనిపించేది. టేబుల్ లైటో, గోడ గడియారమో, మందు సీసాలో. ఇంకో క్షణంలో పగలబోతున్నదీ, ఇంకా పగలనిదీ అయిన వస్తువు ఎంత బాగుంటుందో తనొక్కడికే తెలుసని అతని నమ్మకం. తర్వాత దభీమని చప్పుడు, దాని వెనకే ఫ్యాన్ రొద, పక్క గదిలో సిమెంటు సంచులు పరీక్షించే ఆవిడ దగ్గు, అన్నీ తిరిగి వచ్చేవి. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. చెబితే కళ్ళ డాక్టరు దగ్గరికి పంపిస్తారని భయం.

పరీక్షకి ముందు పెట్టెలు ఒక రోజంతా విశ్రాంతి గదిలో ఉండాలి. అక్కడ ఎప్పుడూ ఒకే వేడి, ఒకే తేమ. అట్ట తేమ పీలిస్తే మెత్తబడుతుంది, మరీ ఆరితే పెళుసెక్కుతుంది. అందుకని అన్ని పెట్టెల్నీ ఒకే గాలిలో పడుకోబెట్టి లేపుతారన్నమాట. మధ్యాహ్నం అన్నం తిన్నాక అతను అక్కడికి వెళ్ళి కూర్చునేవాడు. తడి కాగితం, జిగురు కలిసిన వాసన. చెవి పెట్టి వింటే అరల మీద అట్టలు సన్నగా టిక్కు టిక్కుమని సర్దుకునేవి. ఎన్నోసార్లు అక్కడే కునుకు పట్టేది. కలలో అతను మెల్లగా కిందికి దిగుతూ ఉండేవాడు, నేల మాత్రం వచ్చేది కాదు.

ఇలా ఉండగా ప్రభుత్వానికి మెలకువ వచ్చింది. రాదూ మరి? పళ్ళు తోముకునే బ్రష్ కొంటే దాని చుట్టూ ప్లాస్టిక్, ప్లాస్టిక్ చుట్టూ అట్ట, ఆ అట్ట చుట్టూ మళ్ళీ ప్లాస్టిక్. కొన్నది చారెడు, పారేసేది బుట్టెడు. ఆ బుట్టలన్నీ ఊరి బయట గుట్టలై, గుట్టలు ఊళ్ళోకి నడిచొచ్చే రోజు కూడా దగ్గరపడింది. అప్పుడొక పథకం తెచ్చారు. సరుకు చుట్టూ చుట్టేదాని బరువు సగానికి తగ్గించాలి. చుట్టిందంతా తిరిగి కాగితం మిల్లుకి పోయేదై ఉండాలి. అలా చేసిన చిన్న కార్ఖానాలకి పన్నులో రాయితీ, కొత్త యంత్రం కొంటే సగం ఖర్చు ప్రభుత్వానిది. ఒకటే షరతు. ఆ పల్చటి పెట్టెలో సరుకు పగలకుండా ఉంటుందని పరీక్షా కేంద్రం రాసివ్వాలి. అంటే పడేసే మాస్టారు పదిసార్లు పడెయ్యాలి.

అన్నయ్య పోయి నాలుగేళ్ళయింది. కప్పుల కార్ఖానాని వదిన నడుపుతోంది. ఒక బట్టీ, ఆరుగురు ఆడవాళ్ళు, గుమ్మంలో ఆరబెట్టిన కప్పుల వరసలు. ఇన్నాళ్ళూ కప్పుల్ని థర్మాకోల్‌లో సర్ది పంపేవాళ్ళు. థర్మాకోల్ ఉన్న సరుకు ఇక దించుకోబోమని పెద్ద కొట్లవాళ్ళు చెప్పేశారు. ఉన్న బట్టీ బీటలు వారి, నాలుగు కప్పులు కాలిస్తే ఒకటి వంకర తిరుగుతోంది. పథకం వస్తే కొట్లూ సరుకు దించుకుంటాయి, కొత్త బట్టీ వస్తుంది. రాకపోతే తాళం వెయ్యడమే. ఆరుగురిలో ఇద్దరు అప్పుడే వేరేచోట పని వాకబు చేస్తున్నారు. దరఖాస్తుకి ఆఖరి గడువు శుక్రవారం సాయంత్రం అయిదు.

వదిన ఊరికే కూర్చునే మనిషి కాదు. పాత అట్టని నానబెట్టి చేసిన ఒకే ఒక్క రేకు తీసుకుని, జిగురూ టేపూ లేకుండా, మడత మీద మడత వేసి ఆరు కప్పులు పట్టే పెట్టె తయారుచేసింది. పాత పెట్టె, దాని థర్మాకోల్ కలిపి నాలుగు వందల గ్రాములు. కొత్తది రెండు వందలు దాటకూడదు.

"ఏరా, ఆదివారం ఖాళీయేనా? వచ్చి నాలుగు పెట్టెలు పడేసి పో" అంది నెల కిందట.

"సెలవు రోజు కూడానా వదినా?"

"నీకు పడెయ్యడానికి సెలవేంట్రా? చిన్నప్పుడు ఆదివారాలు మానేసేవాడివా ఏంటి?"

అలా నాలుగు ఆదివారాలు వెళ్ళాడు. కార్ఖానా నేల మీద ఆవిడ పింగాణీ పొడి పల్చగా చల్లి ఉంచేది. పెట్టె ఎక్కడ తగిలితే అక్కడ తెల్లగా అంటుకునేది. ఆవిడ కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని ఆ మరకల చుట్టూ పెన్సిలుతో గీసుకునేది. "ఇంకోటి" అనేది. "మళ్ళీ మూల మీద" అనేది. పెట్టెని పరీక్షిస్తోందనుకున్నాడు అతను. ఎవరైనా అలాగే అనుకుంటారు.

నాలుగో ఆదివారం అన్నాడు: "వదినా, నేను నీ మరిదినని కేంద్రంలో చెప్పాలి. బంధువుల సరుకు పడెయ్యకూడదని రూలుంది."

"చెబితే ఏమవుతుంది?"

"ఇక్కడ పెట్టెలు పడేసేది నేనొక్కణ్ణే. వేరే ఊరి కేంద్రానికి పంపుతారు. అక్కడ వంతు రావడానికి రెండు నెలలు."

వదిన చీపురు అందుకుంది. పొడి ఊడ్చుకుంటూ ఉండిపోయింది. చెప్పొద్దని ఆవిడ అనలేదు, చెబుతానని అతనూ అనలేదు.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి వదిన పెట్టె వంతు వచ్చింది. పథకం తరఫున ఒక అధికారిణి వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. ముప్పై అయిదేళ్ళుంటాయి, కాగితాలు ఎగరకుండా వాటి మీద నీళ్ళ సీసా పెట్టుకునే రకం. దరఖాస్తుదారులు అద్దం గోడకి అవతల బెంచీ మీద కూర్చోవాలి. వదిన అక్కడ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అద్దంలోంచి చూస్తే పెద్ద పెట్టెలో చిన్న వస్తువులా ఉంది.

"దరఖాస్తుదారు మీకు బంధువా?" అధికారిణి తలెత్తకుండానే అడిగింది. రోజుకి పదిసార్లు అడిగే ప్రశ్న.

"కాదండీ."

ఆ మాట అనడం ఇంత తేలికని అతను అనుకోలేదు.

పెట్టెని చేతుల్లోకి తీసుకున్నాడు. కప్పుల బరువు తప్ప ఇంకేమీ లేనట్టుంది. నడుమెత్తుకి లేపి, మూల కిందికి వచ్చేలా వంచాడు. మూల మీద పడేదే అన్నిటికంటే గట్టి దెబ్బ. పెట్టె బరువంతా ఒక్క చుక్క మీద నిలబడుతుంది. "వదులుతున్నా" అన్నాడు.

చప్పుళ్ళు వెళ్ళిపోయాయి. నూగు ఆగింది. అట్ట పల్చబడింది. లోపల ఆరు కప్పులు కనిపించాల్సింది, కనిపించలేదు. ఆరుగురు ఆడవాళ్ళు కనిపించారు. చేతులకి బంకమన్ను, నుదుటి మీద బట్టీ వేడికి చెమట. అందరూ కలిసి మెల్లగా దిగుతున్నారు, ఒక్కరూ పైకి చూడటం లేదు. వాళ్ళ మధ్య వదిన కూడా. ఆవిడ ఒక్కతే తల ఎత్తింది.

అంతకు ముందే, చేతులు తీసే క్షణంలోనే, మణికట్టు తిరిగింది. తిరిగింది అంటే దానంతటది తిరిగిందని కాదు, ఇక్కడ మనం అబద్ధం ఆడుకోవద్దు. అతనే తిప్పాడు. వెంట్రుకవాసి. దెబ్బ మూల మీద పడకుండా కాస్త ఎడమకి ఒరిగితే, బరువు పక్కకి సర్దుకుని మెత్తగా తగులుతుందని ఇరవై రెండేళ్ళ అనుభవం చెప్పింది. ఆ అనుభవాన్ని ఇలా వాడటం అదే మొదటిసారి.

పెట్టె తగిలింది. దభీమన్న శబ్దంలో ఆవగింజంత టిక్కుమన్న శబ్దం ఒకటి కలిసి వచ్చింది. అధికారిణికి వినపడలేదు. అతనికి వినపడింది.

మిగతా తొమ్మిదీ నిజాయితీగానే వదిలాడు. ఎందుకు వదిలావయ్యా, అప్పటికే తప్పు చేశావు కదా అంటే, ఏమో, ఒక్క తప్పుతో సరిపెట్టుకుందామనుకున్నాడేమో. అంచు, అంచు, అంచు. పైవైపు, కిందివైపు, పక్కలు. ఒక్కోసారీ పెట్టె మరీ నెమ్మదిగా దిగింది. ఎనిమిదోసారి ఎంతసేపు దిగిందంటే, ఆ మధ్యలో అతను తన చిన్నతనమంతా ఒకసారి తిరిగి వచ్చాడు. పెరటి గుమ్మం, సున్నం గోడ, ముక్కలు ఏరుతున్న వదిన వంగిన వీపు. పదోది అయ్యేసరికి చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది.

విప్పారు. అయిదు కప్పులు ఎలా పెట్టినవి అలాగే ఉన్నాయి. ఆరోదానికి పిడి విరిగింది.

"అయ్యో" అంది అధికారిణి, మనస్ఫూర్తిగానే. "ఇంత తేలిక పెట్టెలో ఇంతవరకు వచ్చింది. బాగా చేశారు పాపం." ఫారం అతని వైపు జరిపింది. "సంతకం పెట్టండి మాస్టారూ."

"అయిదు నిమిషాలండీ" అని అతను బయటికి వచ్చాడు.

వదిన బెంచీ దగ్గర నిలబడి ఉంది. విరిగిన కప్పు గురించి అడగలేదు.

"మొదటిది ఎటు పడేశావురా?"

"మూల మీదే."

"నాకు చెప్పకు. నీది కుడికి ఒరగాలి. ఎడమకెందుకు ఒరిగింది?"

అతను తెల్లబోయాడు. "కుడికి ఒరగాలని నీకెవరు చెప్పారు?"

వదిన చేతిసంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసింది. నాలుగు ఆదివారాల పెన్సిలు గీతలు. పెట్టె బొమ్మ, దాని మీద పది చోట్ల సున్నాలు. అన్నీ కాస్త కుడికి.

"నీ ఎడమ చెయ్యి ఒక పిసరు ఆలస్యంగా వదులుతుంది. చిన్నప్పట్నుంచీ అంతే. గ్లాసు పడేసినా కుడికే దొర్లేది. నీకు తెలీదు, ముక్కలు ఏరినదాన్ని నాకు తెలుసు." ఆవిడ గొంతు తగ్గింది. "రెండు వందల గ్రాములు అన్ని చోట్లకీ చాల్లేదురా. నువ్వు పడేస్తే ఎక్కడ తగులుతుందో ఆ పది చోట్లా ఎనిమిదేసి మడతలు వేశాను. మిగతా చోట రెండే."

"అంటే నువ్వు కట్టింది కప్పుల కోసం కాదు. నా చేతుల కోసం."

"మరేం చెయ్యమంటావు?"

అతను ఎడమకి తిప్పింది సరిగ్గా ఆ రెండు మడతల చోటికే. ఆవిణ్ణి కాపాడదామని అతనూ, అతని చేతిని నమ్మలేక ఆవిడా, ఒకరికి తెలియకుండా ఒకరు దొంగపని చేశారు. రెండు దొంగతనాలూ ఎదురెదురుగా వచ్చి గుద్దుకున్నాయి. ఇంకో ఇంట్లో అయితే దీనికి పగలబడి నవ్వుకునేవాళ్ళే. వాళ్ళకి నవ్వు రాలేదు.

"లోపలికెళ్ళి చెయ్యి జారిందని చెప్పు" అంది వదిన. "సంతకం పెట్టకముందు చెబితే ఇంకో పెట్టె తీసుకుంటారని కాగితంలో చదివాను. నీ చెయ్యి జారడం ఎవరికీ కొత్త కాదుగా."

ఆవిడ చదివింది నిజమే. దాన్ని తప్పు విడుపు అంటారు. సంతకానికి ముందు పరీక్షకుడే ఒప్పుకుంటే ఆ పెట్టె లెక్కలోకి రాదు, ఇంకోటి పరీక్షించాలి. జారితే ఒక వాక్యం రాసుకుని వదిలేస్తారు. కావాలని చేస్తే పరీక్షకుడి నంబరు కొట్టేస్తారు. నంబరు పోతే ఉద్యోగం పోయినట్టే.

అతను లోపలికి వెళ్ళి, ఆ మొదటిది తప్పు విడుపండీ అన్నాడు.

అధికారిణి కలం తీసింది. "చెయ్యి జారిందా?"

ఆ మాట ఆవిడే నోటికి అందించింది. అవునంటే చాలు. అతను రాతిపలక వైపు చూశాడు. ఇంకో పెట్టె వస్తుంది. మళ్ళీ నడుమెత్తుకి లేపాలి. మళ్ళీ ఆ ఆరుగురూ మెల్లగా దిగుతారు, వాళ్ళ మధ్య వదిన తల ఎత్తుతుంది.

"జారలేదండీ. తిప్పాను."

"తిప్పారా? ఎందుకు?"

"పగిలిపోతుందని భయమేసింది."

"ఇరవై రెండేళ్ళలో మీ చేతిలో ఎన్ని పగిలుంటాయి మాస్టారూ?"

"చాలా పగిలాయండీ. అవి ఎవరివో కదా." ఆగి అన్నాడు: "ఆవిడ మా వదినండీ. నన్ను పెంచింది."

అధికారిణి కలం కింద పెట్టింది. నీళ్ళ సీసా మూత తీసి, తాగకుండా మళ్ళీ పెట్టింది. "నేనింకా ఏమీ రాయలేదు" అంది మెల్లగా. "జారిందని రాస్తే మీకేమీ కాదు."

"జారిందని రాస్తే మళ్ళీ నేనే పడెయ్యాలి కదండీ. మళ్ళీ తిప్పుతాను. నన్ను నేను ఎరగనా?"

గుమ్మంలో వదిన నిలబడి ఉంది. అన్నీ విన్నదని మొహం చూస్తేనే తెలుస్తోంది.

అధికారిణి చాలాసేపు రాసింది. రాశాక గడియారం చూసింది. "బంధుత్వం దాచింది మీరు. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు, అడగమని రూల్లోనూ లేదు. అయిదింటి లోపల ఇంకో పెట్టె తెస్తే పక్క గది సంచులావిడతో వదిలిస్తాను. ఆవిడకీ నంబరుంది, ఇన్నాళ్ళూ అవసరం పడలేదంతే."

అప్పుడు మూడున్నర.

వదిన మరో రెండు రేకులు, విడి కప్పులు ముందురోజే విశ్రాంతి గదిలో పెట్టి ఉంచింది. నేల మీద చతికిలబడి, ఒక రేకు ఒళ్ళోకి లాక్కుంది. అతను ముట్టుకోకూడదు. ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆ గదిలో కాలం ఎప్పుడూ కాస్త మగతగానే ఉంటుంది. అరల మీద పెట్టెలు టిక్కుమంటున్నాయి. పాత మడతల గుర్తులన్నీ వదిలేసి ఆవిడ కొత్తగా గీతలు నొక్కుతోంది. అట్ట మీద గోరు నడుస్తుంటే, ఎవరో దూరంగా ఎండుటాకుల మీద నడుస్తున్నట్టు వినపడుతోంది.

"లారీల్లోకి ఎక్కించేవాళ్ళు ఎలా పడేస్తారురా?" తలెత్తకుండా అడిగింది.

"ఎలా పడితే అలా వదినా. వాళ్ళకి మూలా లేదు, అంచూ లేదు."

"అయితే అన్ని చోట్లా నాలుగేసి." తనలో తనే అనుకుంది. "ఎక్కడా ఎనిమిది లేదు. ఎక్కడా రెండు లేదు."

"నిలుస్తుందా?"

"నాకేం తెలుసు?"

ఆవిడ నోట ఆ మాట అతను ఎప్పుడూ వినలేదు. చేతులు మాత్రం ఆగలేదు. కప్పులు ఒక్కొక్కటే లోపలికి వెళ్ళాయి, మడతలు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. కప్పులు పోను పెట్టె బరువు నూట తొంభై ఎనిమిది గ్రాములు వచ్చింది.

నాలుగూ ముప్పావుకి సంచులావిడ వచ్చింది. బస్తాలు ఎత్తి ఎత్తి భుజాలు బండబారిన మనిషి. చేతులు కొంగుకి తుడుచుకుంటూ, "వదిలితే చాలా, విసరాలా?" అని అడిగింది. వదిలితే చాలన్నారు. "ఇంతేనా" అని ఆ పెట్టెని ఒంటిచేత్తో ఎత్తి బరువు చూసింది. వదిన కళ్ళు మూసుకుంది.

ఈసారి అతను అద్దానికి ఇవతల, బెంచీ మీద. ఈ గదిని ఇటునుంచి ఎప్పుడూ చూడలేదు. సంచులావిడ "వదులుతున్నా" అని అరిచింది. అతను ఎదురుచూశాడు, చప్పుళ్ళు ఆగుతాయని, నూగు నిలబడుతుందని, పెట్టె మెట్లు దిగుతుందని.

దభ్.

అయిపోయింది. ఇంతేనా? ఇన్నేళ్ళూ తను అంతసేపు చూసింది ఇంత చిన్నదా? అతనికి ఏదో పోగొట్టుకున్నట్టనిపించింది. అంచు, దభ్. అంచు, దభ్. లోపలేమీ కనిపించడం లేదు. అట్ట అట్టలాగే ఉంది. వదిన అతని మణికట్టు పట్టుకుంది, ఇందాక తిప్పిన మణికట్టునే, గోళ్ళు దిగేలా. పదోది అయ్యేదాకా వదల్లేదు.

విప్పారు. సంచులావిడ ఒక్కో కప్పూ ఎత్తి వేలితో కొట్టి చూసింది. ఆరూ ఖంగుమన్నాయి.

అధికారిణి ముద్ర వేసి కాగితం వదిన చేతికిచ్చింది. పన్ను రాయితీ, కొత్త బట్టీకి సగం ఖర్చు, అన్నీ ఆ ఒక్క కాగితంలో ఉన్నాయి. ఇంకో కాగితం మీద అతనితో సంతకం పెట్టించుకుంది. సోమవారం నుంచి రానక్కర్లేదని అందులో ఉంది. వదిన రెండు కాగితాలూ మార్చి మార్చి చూసింది. తన కాగితాన్ని తిరిగి బల్ల మీద పెట్టింది.

"ఇది వద్దమ్మా. తీసేసుకోండి. వాడి నంబరు వాడికి ఇచ్చెయ్యండి."

"వదినా!"

"నువ్వు నోర్ముయ్. అమ్మా, వాడికి ఇంకో పని చేతకాదు. నా మాట వినండి."

"ఇవి మారకం వేసుకునేవి కావమ్మా" అంది అధికారిణి. ఆవిడ మొహం కూడా ఏమంత బాగా లేదు. కాగితాన్ని మెల్లగా వదిన వైపు జరిపింది. "మీ పెట్టె నిలబడింది. తీసుకెళ్ళండి."

ఇద్దరూ బయటికి వచ్చారు. ఎండ తగ్గి గోడలు పచ్చబడుతున్నాయి. మెట్ల మీదికి రాగానే వదిన గిర్రున తిరిగింది.

"నా పెట్టె ఆగుతుందని నీకు నమ్మకం లేకపోయిందిరా? నలభై ఏళ్ళుగా చూస్తున్నావు, నేను చేసింది ఏదైనా చేతకాకుండా పోయిందా? నిన్ను నేను అడిగానా, తిప్పమని అడిగానా?"

"నా చెయ్యి సరిగ్గా వదులుతుందని నీకు మాత్రం ఉందా నమ్మకం? నాలుగు ఆదివారాలు పిలిచి నా చేతికి కొలత తీసుకున్నావు కదూ?"

వదిన చీర సర్దుకుని మెట్టు మీద కూలబడింది.

"లేదు" అంది. "నీ మీదనే కాదు, మీ అన్నయ్య పోయాక నాకు దేని మీదా లేదు. పొద్దున్నే బట్టీ అంటించేటప్పుడు ఇది ఇంకెన్నాళ్ళో అనుకుంటాను. ఆ ఆరుగురూ ఏం చెయ్యమంటారమ్మా అని నా మొహంలోకి చూస్తే లోపలికి పారిపోవాలనిపిస్తుంది. ఎవరితో చెప్పను? నీతో చెబితే నువ్వు భయపడతావని చెప్పలేదు."

వదినకి భయమన్నదే తెలియదని నలభై ఏళ్ళుగా అనుకున్నాడు అతను. పక్కన కూర్చున్నాడు. పక్కన కూర్చుంటే ఆవిడ తనకంటే చాలా చిన్నగా ఉందని మొదటిసారి తెలిసింది.

"నాకూ భయమేసింది వదినా."

"తెలుసు. అద్దంలోంచి కనపడింది."

అంటూనే ఆవిడ ఏడ్చింది. ముద్ర వేసిన కాగితం తడవకుండా దాన్ని అతని ఒళ్ళో పడేసి మరీ ఏడ్చింది. ఊరుకో అనాలనిపించింది అతనికి, అనలేదు. తనకీ కళ్ళు నిండాయి. తుడుచుకోలేదు. గేటు ముందు రెండు బస్సులు వచ్చి, కాసేపు ఆగి, వెళ్ళిపోయాయి. ఇద్దరూ లేవలేదు.